అయ్య కాళ్లు దించాలంటే

నాకు కోపం ఎక్కువని మా కాలనీలో అందరూ అంటారు. ఎక్కువేం కాదు. రావాల్సినప్పుడే వస్తుంది, కాకపోతే వచ్చింది పోవడానికి కాస్త సమయం పడుతుంది. మా ఆయన బిక్షపతికి అసలు రానే రాదు. ఇద్దరిదీ కలిపితే ఒక ఇంటికి సరిపడేంత ఉంటుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటాను.

ఆ కోపం పుణ్యమా అని తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న ఆ ఏడు, గురుపౌర్ణమి నాడు, మా గురువుగారు మా హాల్లో కుర్చీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, దించనంటే దించనన్నారు. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఈ సంగతి ఇప్పుడు చెబితే మా చుట్టాలంతా పడీపడీ నవ్వుతారు. ఆ రోజు నాకు మాత్రం ప్రాణం పోయినంత పనైంది.

మా గురువుగారి పేరు రామస్వామి. మేమంతా అయ్య అంటాం. పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం నేస్తూ, తత్వాలు పాడుతూ, మా తాతకూ మా నాన్నకూ నాకూ ఉపదేశం ఇచ్చినవారు. ఆశ్రమం లేదు, బోర్డు లేదు, కాషాయం లేదు. ఏడాదికి ఒకసారి, గురుపౌర్ణమికి, ఎవరో ఒక శిష్యుడి ఇంటికి వస్తారు. ఆ ఇంటివాళ్లు పాదపూజ చేయాలి, మిగతావాళ్లు అక్కడికే వచ్చి దండం పెట్టుకోవాలి. ఏ ఇంటికి అన్నది వంతుల ప్రకారం. బాలాపూర్ వినాయకుడి లడ్డూలాగా వేలంపాట పెడితే నేను చీరలమ్మి ఎప్పుడో పాడుకునేదాన్ని. అయ్య దగ్గర పాటలు చెల్లవు, వరస ఒక్కటే చెల్లుతుంది.

మా నాన్న నర్సయ్య వంతు అప్పటికి ఇరవై రెండేళ్ల కిందట వచ్చింది. ఆ ఏడు ఉగాది దాటగానే నాన్న అయ్య పాదాలు తుడవడానికని ఒక తువ్వాలు నేశాడు. నూలుకు పోగుపోగునా రంగు అంటకుండా చిటికి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, నెల రోజులు దానితోనే ఉన్నాడు. చుట్టూ ఎర్ర అంచు, నడుమ నల్ల చుక్కలు. ఆషాఢం రాకముందే గుండెపోటు వచ్చి పోయాడు. మైల ఇంట్లో పాదపూజ ఉండదు కాబట్టి వంతు దాటిపోయింది. తువ్వాలు అమ్మ నా చేతికిచ్చింది. అప్పటినుంచి చుక్క నీరు తగలకుండా నా బీరువాలోనే ఉంది.

ఉద్యమం నడుస్తున్న ఆ ఏడు వంతు నాది. పైగా అయ్య కబురు పెట్టారు, మోకాళ్లు ఇక చెప్పిన మాట వినడం లేదు, ఇదే ఆఖరు ప్రయాణం, వచ్చే ఏటినుంచి మీరే మా ఊరికి వచ్చి దండం పెట్టుకుని పొండి అని. అంటే ఈసారి తప్పిందా, నాన్న తువ్వాలు ఇక ఎప్పటికీ తడవదు.

తప్పడం ఎందుకంటారా? అయ్య దగ్గర ఒక ఆచారం ఉంది. పీట మీద పళ్లెం పెట్టి, నీళ్లు సిద్ధం చేశాక, కాళ్లు దించేముందు ఇంటివాళ్లను ఒక్కటే అడుగుతారు. ఎవరితోనైనా మాటలు మానేశారా అని. లేదంటే కాళ్లు దించుతారు. ఉందంటే, వెళ్లి ఆ మనిషితో మాట్లాడి, వెంటబెట్టుకు రావాలి. ఆ మనిషి నీళ్లు పోస్తే ఇంటివాళ్లు కడగాలి. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు ఆ పని కాకపోతే పూజ వరసలో తర్వాతివాళ్లకు పోతుంది. అంతకు నాలుగేళ్ల కిందట ఒక ఊళ్లో అన్నదమ్ములకు ఇంటి పంపకాల్లో మాటలు లేకపోతే, తమ్ముణ్ని పొలం నుంచి పిలుచుకొచ్చేదాకా అయ్య రెండు గంటలు కాళ్లు ముడుచుకునే కూర్చున్నారు. నేను అక్కడే ఉన్నాను. ఆ అన్న పెళ్లానికి, "ముందే మాట్లాడుకుంటె అయిపోవు గదా, గింత పట్టుదల ఎందుకమ్మా" అని బోలెడు నీతులు చెప్పొచ్చాను. ఆ రోజే నా నోటికి ఎవరైనా తాళం వేయాల్సింది.

ఎందుకంటే, నాకు మాటలు లేనిది మా పక్కింటి వేదవతితో.

వేదవతి వాళ్లది గుంటూరు వైపు. ఆమె భర్త గంగాధరరావు చైతన్యపురి మెయిన్‌రోడ్డు మీద, హాస్టళ్ల మధ్యన, జిరాక్సు, స్టేషనరీ షాపు నడిపేవాడు. అప్పటికి పద్నాలుగేళ్ల కిందట ఇద్దరం ఒకే శ్రావణంలో పక్కపక్కన గృహప్రవేశం చేశాం. రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా అటునుంచి గోంగూర పచ్చడి, పులిహోర వచ్చేవి. ఇటునుంచి సర్వపిండి, సకినాలు వెళ్లేవి. నేను చేసే పచ్చిపులుసు చూసి ఆమె, "పొయ్యి మీద పెట్టడం మర్చిపోయారా వదినా" అనేది. ఆమె పచ్చడి తిని నేను, "దవాఖానకు నువ్వే తీస్కపోవాలె వదినా" అనేదాన్ని. తిట్టుకున్నా వదినే, మెచ్చుకున్నా వదినే.

ఉద్యమం వచ్చాక కూడా మా గోడకేం కాలేదు. తెలంగాణ రావాల్సిందే అని నేననేదాన్ని, ఎందుకు రావాలో చెప్పండి అని ఆమె అనేది. టీవీ ముందు కూర్చుని గంటసేపు వాదించుకుని, టీ తాగి లేచేవాళ్లం. మా అబ్బాయి క్రాంతికుమార్ డిగ్రీ చదువుతూ ఊరేగింపులకు వెళ్లేవాడు. ఆ ఫిబ్రవరిలో ఒక బంద్ రోజు, ఎవరో విసిరిన రాయి గంగాధరరావు షాపు అద్దానికి తగిలి అద్దం భళ్లున పగిలింది. సాయంత్రం వేదవతి గోడ దగ్గరికి వచ్చింది.

"మీ అబ్బాయి కూడా ఆ గుంపులోనే ఉన్నాడటగా, మాలతి గారూ?"

పద్నాలుగేళ్లు వదినా అన్న నోటితో గారూ అంది. రాయి వేసింది మావాడు కాదు. వాడు వందమంది వెనకాల జెండా పట్టుకుని నడుస్తున్నాడు. ఆ మాట నెమ్మదిగా చెబితే సరిపోయేది. నాకు నెమ్మదిగా చెప్పడం ఎప్పుడు చేతనైంది గనుక?

"ఈడ గంత కష్టంగ ఉంటె ఎందుకుండుడు? మీ ఊరికి మీరు పోండ్రి" అన్నాను.

వేదవతి నన్నొక్కసారి చూసి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆ తర్వాత అందరికీ ఈ గొడవ గురించి నేను చెప్పిన కథలో ఆమె అన్న మాట ఉండేది గానీ నేనన్న మాట ఉండేది కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గొడవకు ముందురోజే ఆమె గోంగూర పచ్చడి పంపిన స్టీలు గిన్నె నా దగ్గర ఉండిపోయింది. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఏదైనా వేసిద్దామంటే మాటలు లేవు. ఖాళీగా ఇస్తే తెగతెంపులు చేసుకున్నట్టు. ఐదు నెలలు ఆ గిన్నె, అంచు మీద చెక్కించుకున్న ఆమె పేరుతో సహా, నా వంటింటి అరలో కూర్చుంది. పప్పు డబ్బా తీసినప్పుడల్లా అదే కనబడేది.

గురుపౌర్ణమి నాలుగు రోజులుందనగా మా ఆయన మొదలుపెట్టాడు.

"మాలతీ, జర పోయి మాట్లాడరాదే. నోరు మంచిగుంటె ఊరు మంచిగుంటదంటరు."

"నేనెందుకు పోవాలె? ఆమెనే రమ్మను."

"పూజ నీది గదనే, ఆమెది గాదు గదా."

"నువ్వు గంగాధరరావన్నతోని మాట్లాడుతున్నవా?"

"రోజు మాట్లాడుతున్న. మేమేం బంద్ పెట్టలే. బంద్ పెట్టింది మీరిద్దరే."

ఈ మనిషితో ముప్పై ఏళ్లు ఎలా నెట్టుకొచ్చానో ఆ దేవుడికే తెలియాలి. కానీ వెళ్లకుండానే మాట్లాడే దారి ఏదైనా ఉందా అని నేనూ ఆలోచించాను. మాట్లాడాలన్నారు గానీ, ఎంత మాట్లాడాలో అయ్య ఎప్పుడూ చెప్పలేదు కదా! ఆమె నోటినుంచి ఒక్క మాట రాబడితే చాలు. మర్నాడు వేదవతి పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ దగ్గర నిలబడి, గాలితో చెబుతున్నట్టుగా అన్నాను.

"గీ కరివేపాకు చెట్టు అంతా అటుదిక్కే పెరిగిపాయె. కూరల ఏద్దామంటె ఇటు ఒక్క రెమ్మ లేదు."

వేదవతి చేతిలో చీర తీగమీద వేసి, చెట్టు దగ్గరికి నడిచి, మూరెడు కొమ్మ విరిచి గోడ మీద పెట్టింది. పెట్టి, పెదవి కదపకుండా లోపలికి పోయింది. ఆ కొమ్మతో నాలుగు రోజుల కూరలయ్యాయి గానీ మాట మాత్రం రాలేదు. మొండితనంలో నన్ను మించిన మనిషి భూమి మీద ఉందని అప్పుడు తెలిసింది.

పండగ పొద్దున ఇంకో ఉపాయం తట్టింది. క్రాంతి కొత్తగా తీసుకున్న సిమ్ నుంచి వాళ్ల ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేశాను.

"హలో" అంది వేదవతి.

"హలో" అన్నాను.

"ఎవరండీ?"

టక్కున ఫోను పెట్టేసి దేవుడి గదిలోకి వెళ్లి దండం పెట్టుకున్నాను. ఆమెవి రెండు మాటలు, నాది ఒకటి. మాట్లాడుకున్నట్టే లెక్క.

ఆ రోజే బంద్ అని ముందురోజు సాయంత్రం తెలిసింది. నా అదృష్టం అలా ఉంటుంది మరి. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి బంతిపూలు, అరటాకులు ముందే తెచ్చిపెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను. తొమ్మిదికల్లా పరమాన్నం, పూర్ణాలు అయిపోయాయి. పదిన్నర దాటినా అయ్య రాలేదు. ఊరి నుంచి జీపులో బయల్దేరారు, దారిలో బాటసింగారంలో ఈరమ్మను ఎక్కించుకున్నారు, అంతవరకే తెలుసు. ఈ ఈరమ్మ ఎవరంటే, వంతుల వరసలో నా తర్వాతి మనిషి. అంతలో క్రాంతి ఫోన్ చేశాడు. వాడు పొద్దున్నే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పుకు వెళ్లాడు. రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం, అదీ ఆ రోజు నిరసన.

"అమ్మా, అయ్య మాతాననే ఉన్నడు. రోడ్డు మీద కూసోని తత్వం పాడుతున్నడు. మావోళ్లంత చప్పట్లు కొడుతుండ్రు."

"నీకు సిగ్గున్నదార! పెద్దమనిషిని రోడ్డు మీద కూసోపెట్టినవా?"

"నేను గాదే, ఆయననే కూసున్నడు. జీపు డ్రైవరు భయపడి ఎన్కకు మర్రిండు. బండి మీద తీస్కపోత అయ్యా అంటె, పాట అయినంక పోదాం తియ్యి అన్నడు."

"ఏమన్న తిన్నడా?"

"పులిహోర పెట్టినం, ముట్టలే. నీళ్లు గుడ తాగలే. మాలతి నా కాళ్లు కడిగినంకనే అంటున్నడు."

పదకొండుంపావుకి మూడు బైకులు మా గేటు ముందు ఆగాయి. మధ్య బండి మీద క్రాంతి వెనకాల అయ్య, పంచె మోకాళ్ల పైకి చెక్కుకుని, వాడి నడుం గట్టిగా పట్టుకుని, తెల్లటి గడ్డం గాలికి చెదిరిపోయి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ దిగారు. వెనక బండి మీద ఈరమ్మ, ఒళ్లో సంచితో. ఆ సంచిలోంచి ఇత్తడి పళ్లెం అంచు కనబడుతోంది. తన సొంత పళ్లెం తెచ్చుకుంది, చూశారా!

"ఏందక్కా, పళ్లెం నాతాన లేదనుకున్నవా?" అన్నాను.

"అవసరం పడుతదేమో అని తెచ్చిన చెల్లె. నీ సంగతి నాకు ఎరుక లేదా?" అంది ఈరమ్మ, పళ్లు ఇకిలిస్తూ.

అయ్యను కుర్చీలో కూర్చోబెట్టాం. ఎదురుగా పీట, పీట మీద పళ్లెం, పక్కన రాగి చెంబులో నీళ్లు, పూలు, పసుపు. నా భుజం మీద నాన్న తువ్వాలు. హాలంతా జనం. అయ్య రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని, శాలువా కిందికి ముడుచుకున్నారు.

"మాలతీ, ఎవ్వరితోనన్న మాట్లాడుడు బంద్ పెట్టినవా బిడ్డా?"

"లేదయ్యా" అన్నాను. "పొద్దుగాల్నే ఫోన్ల మాట్లాడిన."

"మంచిది. ఏం మాట్లాడినవు?"

ఆయన కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"హలో అన్న."

"ఆమె ఏమన్నది?"

"ఆమె గుడ హలో అన్నది. ఎవరండీ అన్నది."

"నువ్వేమన్నవు?"

"పెట్టేసిన."

హాలు హాలంతా గొల్లుమంది. మా ఆయన గోడవైపు తిరిగి భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. ఈరమ్మ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్య కూడా నవ్వారు. నవ్వి, శాలువా ఇంకాస్త సర్దుకున్నారు.

"సరె తియ్యి. నేను గిట్లనే కూసుంట. నువ్వు పోయిరా."

"అయ్యా, మీ మోకాళ్లు..."

"నొస్తున్నయి బిడ్డా. మస్తు నొస్తున్నయి. అందుకే జర జల్ది పోయిరా."

గడియారం పదకొండు నలభై చూపిస్తోంది. ఈరమ్మ సంచిలోంచి పళ్లెం తీసి, కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది చూసి నాకు కాళ్లల్లోకి బలం వచ్చిందో, కోపం వచ్చిందో తెలియదు. వంటింట్లోకి వెళ్లాను. వట్టి చేతులతో ఆమె గుమ్మం ఎలా తొక్కను? అరలోంచి ఆ గిన్నె తీశాను. పరమాన్నం వేద్దామంటే అయ్య తినకముందు ఎవరికీ పెట్టకూడదు. పండు పెడదామంటే పూజ పళ్లే ఉన్నాయి. ఆలోచించే టైము లేక గిన్నెనలాగే పట్టుకుని పరుగెత్తాను.

వేదవతి తలుపు తీసింది. నేను గిన్నె చాచాను. ఆమె గిన్నెలోకి చూసింది, నా మొహంలోకి చూసింది, మళ్లీ గిన్నెలోకి చూసింది.

"ఖాళీగానా?" అంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. "పండగపూట ఎవరైనా ఖాళీ గిన్నె చేతికిస్తారండీ? ఐదు నెలలు ఉంచుకున్నది ఇలా ఇవ్వడానికా?"

మాట్లాడింది! ఐదు నెలల తర్వాత, అదీ తిట్టు. నా ప్రాణం లేచొచ్చింది. అది కాదు వదినా అని చెప్పబోతూ ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. హాల్లో సోఫా లేదు. గోడలకు ఫొటోలు లేవు. తాళ్లు కట్టిన అట్టపెట్టెలు, మూటగట్టిన పరుపులు, గుడ్డ చుట్టిన టీవీ.

"గిదేంది?" అన్నాను.

"కనబడ్డం లేదా? వెళ్లిపోతున్నాం. విజయవాడలో మా తమ్ముడు షాపు చూశాడు. పొద్దున్నే లారీ రావాలి, బంద్ కాబట్టి రాలేదు. లేకపోతే ఈపాటికి సూర్యాపేట దాటేవాళ్లం."

"గీ ఆషాఢంల? ఆషాఢంల ఎవరన్న ఇల్లు మారుతరా? నీకేమన్న మతి ఉన్నదా?"

"పొమ్మన్నవాళ్లు మాసం చూసి పొమ్మన్నారా?"

చెంప మీద కొట్టినట్టయింది. ముహూర్తం లేకుండా కొత్త చీపురు కూడా వాడని మనిషి, ఆషాఢంలో ఇల్లు కదులుతోంది. అంతగా తగిలిందా నా మాట? కోపంలో అందరం ఎన్నో అంటాం, మర్నాటికి మరిచిపోతాం. అన్నవాళ్లం మరిచిపోతాం. ఆమె ఐదు నెలలుగా ఆ మాట పక్కనే పడుకుని లేచింది.

"తప్పైంది వదినా" అన్నాను. ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆయనకు కూడా ఆ మాట దక్కలేదు. "గట్ల అనుడు నాదే తప్పు. పొమ్మంటె పోతవా నువ్వు? ఇన్నేండ్లల నేను చెప్పిన మాట ఒక్కటన్న ఇన్నవా, గిదొక్కటే ఇంటవా? నువ్వు పోతె నాకు మంచిగనిపియ్యదు. నాకు ఏడుపొస్తది."

అప్పటికే వస్తోంది. వేదవతి మూట మీద కూర్చుండిపోయింది.

"నేనూ తొందరపడే అడిగాను లెండి" అంది. "మీవాడు అలాంటివాడు కాడని నాకు తెలీదా? పదో తరగతి లెక్కలు నా దగ్గరే చెప్పించుకున్నాడు. అద్దం పగిలిందన్న కోపంలో అడిగేశాను. మీరు కసురుకుంటే సరిపోయేది. పొమ్మన్నారే."

"అన్న. గందుకే తప్పైందంటున్న గదా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"రెండుసార్లు చెప్పారు. చాల్లెండి."

"అయితే లెవ్వు. మా అయ్య కాళ్లు ముడుసుకోని కూసున్నడు. నువ్వొచ్చి నీళ్లు పోస్తెనే దించుతడట."

"ఇందాక బండి మీద దిగిన ముసలాయనా? ఆ సంగతి ముందే చెప్పరేం!" అంటూ వేదవతి గబుక్కున లేచింది. "ఎంతసేపటినుంచి కూర్చున్నారు? మోకాళ్లేం కాను?"

నా చేతిలో గిన్నె లాక్కుని వంటింట్లోకి వెళ్లి, కుండలో మిగిలిన మంచినీళ్లు నింపుకొచ్చింది. "మా గిన్నె ఖాళీగా మీ ఇంటికి రాదు" అంది నన్ను దాటి నడుస్తూ.

మేం వెళ్లేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలుంది. ఈరమ్మ పీట మీద నా పళ్లెం పక్కనే తన పళ్లెం పెట్టి కూర్చుంది. అయ్య కళ్లు మూసుకున్నారు, నుదుటి మీద చెమట. వేదవతిని చూసి కళ్లు తెరిచారు.

"ఈమెనా హలో అన్నది?"

"ఈమెనే అయ్యా."

"మాట్లాడుకున్నరా?"

"తిట్టుకున్నాం అండీ" అంది వేదవతి. "మాట్లాడటం కూడా అయింది." అంతలోనే చేతిలో గిన్నె చూసుకుని నాలుక కరుచుకుంది. "అయ్యో, ఇది గోంగూర పచ్చడి గిన్నె. రాగి చెంబు ఇవ్వండి, అందులో పోసుకుంటాను."

"గోంగూరతోని కడుగుతవా, నీళ్లతోని కడుగుతవా?" అన్నారు అయ్య. "పొయ్యమ్మా. కాళ్లు తిమ్మిరెక్కినయి."

అయ్య కాళ్లు వాటంతట అవి దిగలేదు. మా ఆయన ఒకటి, క్రాంతి ఒకటి పట్టుకుని మెల్లగా దించారు. వేదవతి గోంగూర గిన్నెతో నీళ్లు పోసింది, నేను కడిగాను. ఏళ్ల తరబడి మగ్గం తొక్కితొక్కి కాయలు కాచిన పాదాలు, మా నాన్నవి కూడా అలాగే ఉండేవి. భుజం మీది తువ్వాలు తీసి తుడుస్తుంటే అయ్య చేయి చాచి దాని అంచు పట్టుకుని, వేళ్లతో నిమిరి చూశారు.

"గిది నర్సయ్య చిటికి గదా" అన్నారు. "వాడు చుక్కలు గింత దగ్గర దగ్గర కట్టేటోడు. ఎన్నేండ్ల సంది దాచినవు బిడ్డా?"

"ఇరవై రెండేండ్లయ్యా."

అంతే, ఇక నా వల్ల కాలేదు. మా నాన్న కావాలనిపించింది, అక్కడే, అప్పుడే. వెక్కివెక్కి ఏడ్చాను. కన్నీళ్లు టపటపా పళ్లెంలో పడుతుంటే వేదవతి పైనుంచి అంది.

"నీళ్లు నేను పోస్తున్నాగా వదినా. మీరు కూడా పోయడం ఎందుకు?"

ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఈరమ్మ తన పళ్లెం సంచిలో పెట్టేసుకుని, ముందుగా తనే పాదతీర్థానికి చేయి చాచింది. అయ్య పరమాన్నం రెండుసార్లు అడిగి తిన్నారు. నేను ఆ గిన్నె కడిగి, నిండా పరమాన్నం వేసి వేదవతి చేతిలో పెట్టాను.

వెళ్లనని మాత్రం ఆమె ఎక్కడా అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. మా ఆయన్ను వంటింట్లోకి లాగి, "పోతుండ్రని నీకు ఎరుకనా?" అని పళ్లు కొరికాను. "ఎరుకనే. నీకు చెప్పొద్దని గంగాధరన్న ఒట్టు పెట్టిండు" అన్నాడు. ఆ సంగతి తర్వాత తేల్చుకుందామని వదిలేశాను.

సాయంత్రం ఐదింటికి బంద్ అయిపోయింది. అయ్యను ఊరికి ఎలా పంపాలా అని మేం తర్జనభర్జన పడుతుంటే, కాలనీ సందులోకి పెద్ద హారను కొట్టుకుంటూ లారీ వచ్చి పక్కింటి ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"విజయవాడ సామాను ఏ ఇంట్లదమ్మా?"

వేదవతి గేటు దగ్గరే నిలబడి ఉంది. గంగాధరరావు ఆమె వెనకాల, ఒక మూట ఎత్తి సగంలో ఆగిపోయాడు. నేను మా గుమ్మంలో తలుపు రెక్క పట్టుకున్నాను.

వేదవతి నావైపు చూడలేదు. భర్త చేతిలోని మూట తీసుకుని కింద పెట్టి, డ్రైవరు దగ్గరికి నడిచింది.

"సామాను లేదు బాబూ. ఒక పెద్దాయన ఉన్నారు, ఇంకొకావిడ ఉంది. ఆవిణ్ని బాటసింగారంలో దింపి, ఆయన్ను పోచంపల్లి పక్క ఊళ్లో ఇంటిదాకా దిగబెట్టాలి. మోకాళ్ల నొప్పులు, నెమ్మదిగా ఎక్కించుకో. కిరాయి ఇచ్చేశాం కదా, వచ్చిన బండి ఊరికే పోవడం ఎందుకు?"

అయ్యను నలుగురం పట్టి లారీ కేబిన్‌లోకి ఎక్కించాం. పక్కన ఈరమ్మ, ఒళ్లో ఇత్తడి పళ్లెం. బండి కదులుతుంటే అయ్య కిటికీలోంచి చేయి ఊపారు. నేను ఆగలేక వేదవతి చేయి పట్టుకున్నాను.

"శ్రావణంల గుడ పోవద్దు వదినా."

"శ్రావణం సంగతి తర్వాత. ముందు మీవాణ్ని పిలవండి, ఆ పెట్టెలన్నీ విప్పాలి" అంది వేదవతి. "పరమాన్నంలో యాలకులు వేయడం మళ్లీ మర్చిపోయారు."

లారీ సందు మలుపు తిరుగుతోంది. కేబిన్‌లో అయ్య కాళ్లు రెండూ హాయిగా ముందుకు చాపుకుని కూర్చుని ఉంటారు.